రవాణా, లాజిస్టిక్స్ రంగంలో అడుగుపెట్టి పైకి రావడం ఎలా? అమ్మాయిలు అడిగే ప్రశ్నలకు వరుసగా జవాబులు

"మేడం, ఈ లైను ఆడవాళ్లకు పడుతుందా?" నెలకు నాలుగైదు సార్లు ఈ ప్రశ్న నాకు వస్తుంది. కొత్తగా చదువు ముగించిన అమ్మాయిలు అడుగుతారు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు అడుగుతారు. ఆరేళ్లుగా బిల్లింగ్ సీట్లోనే ఉండిపోయి, పైకి దారి కనిపించనివాళ్లూ అడుగుతారు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా చెప్పిన జవాబునే ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. నేను డిస్పాచ్ గుమస్తాగా మొదలుపెట్టి గోడౌన్, యార్డు, ఫ్రైట్ ఫార్వర్డింగ్ అన్నీ చూసి ఆపరేషన్స్ మేనేజర్ దాకా వచ్చాను. కాబట్టి కింద రాసినవి చేసి చూసినవే.

మొత్తంలో రెండే గట్టి మాటలు ఉన్నాయి. సరుకు కదిలే చోటికి దగ్గరగా ఉండండి. మీ పనిని అంకెల్లో మీరే రాసి పెట్టుకోండి. మిగతా మెట్లన్నీ ఈ రెండింటికీ దారి తీసేవే.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- డ్రైవింగ్ లైసెన్సు. నడిపే ఉద్యోగం కాకపోయినా తీసుకోండి. బండి నడిపే మనిషి కష్టం తెలిస్తే ట్రిప్పు ప్లాను వేరేగా వేస్తారు.
- ఎక్సెల్. ఫిల్టరు, సార్టు, వీలుకప్ (ఒక పట్టికలోని వివరాన్ని వెతికి ఇంకో పట్టికలోకి తెచ్చేది), పివట్ టేబుల్ వస్తే మొదటి రెండేళ్లకు చాలు.
- మీ కాలికి సరిపోయే సేఫ్టీ బూట్లు. వదులు బూట్లతో డాక్ (బండ్లకు సరుకు ఎక్కించే, దింపే చోటు) మీద నడిస్తే తట్టుకుని పడతారు. కంపెనీ మీ సైజు ఇవ్వకపోతే మొదటి రోజే అడగండి.
- జేబులో పట్టే నోటుబుక్కు, పెన్ను. ఫోన్ చాలదా అంటారు. చాలా గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోట ఫోన్ వాడనివ్వరు, వాడకూడదు కూడా.
- ఇంట్లో ముందే మాట్లాడుకున్న మాట. రాత్రి షిఫ్టు పడితే ఇల్లు ఎవరు చూస్తారు, బండి ఆలస్యమైతే పిల్లలను ఎవరు తీసుకొస్తారు అన్నవి ఉద్యోగంలో చేరకముందే తేలాలి.

డిగ్రీ ఏదైనా ఫరవాలేదు. నాకు తెలిసిన మంచి ప్లానర్లలో సైన్సు చదివినవాళ్లు, సాహిత్యం చదివినవాళ్లు, డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు కూడా ఉన్నారు.

1. ఏ తలుపు నుంచి వెళ్తారో తేల్చుకోండి

లాజిస్టిక్స్ అంటే ఒక ఉద్యోగం పేరు కాదు. ఏ తలుపు దగ్గర నిలబడ్డారన్నదాన్ని బట్టి తర్వాతి పదేళ్లు ఉంటాయి.

డిస్పాచ్, ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్: ఏ లోడు ఏ బండికి, ఏ రూట్లో, ఎన్ని గంటలకు అన్నది మీరు చూస్తారు. ఫోన్లు ఆగవు, టెన్షన్ ఎక్కువ. కానీ వ్యాపారం మొత్తం కళ్లముందే కనిపిస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

గోడౌన్: సరుకు దింపడం, అరల్లో పెట్టడం, ఆర్డరు ప్రకారం తీయడం, ప్యాకింగ్, స్టాకు లెక్క. మనుషులతో పని చేయించడం తొందరగా వస్తుంది.

ఫ్రైట్ ఫార్వర్డింగ్, కస్టమ్స్ కాగితాలు: ఓడల్లో, విమానాల్లో పంపే సరుకు బుకింగు, డాక్యుమెంట్లు. ఆడవాళ్లను ఎక్కువగా ఇక్కడికే పంపుతారు. మంచి పనే. అయితే కాగితాల దగ్గరే ఆగిపోకూడదు. కనీసం ఆరు నెలలైనా కంటైనరు లోడయ్యే చోట పని చేసి ఉండాలి.

డ్రైవింగ్: పెద్ద బండి నడపడానికి కండబలం కావాలన్నది పాతకాలపు మాట. పవర్ స్టీరింగు, ఎయిర్ బ్రేకులు వచ్చాక ముఖ్యమైనది చూపు, ఓపిక, నిద్ర. డ్రైవర్‌గా కొన్నేళ్లు చేసి ఫ్లీట్ (కంపెనీ బండ్లన్నిటి) సూపర్‌వైజర్ అయినవాళ్ల మాటకు యార్డులో ఉండే విలువ వేరు.

ఓడ: నేవిగేషన్ లేదా ఇంజిన్ విభాగం. ఓడ సిబ్బంది శిక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ నిబంధనల ప్రకారం శిక్షణ, సర్టిఫికెట్లు తప్పనిసరి. ఓడ యజమానుల సంఘాలు బిమ్కో, ఐసీఎస్ 2021లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచమంతటా ఓడల మీద పని చేసే మహిళలు 24,059 మంది. మొత్తం సిబ్బందిలో అది 1.28 శాతమే. ఈ అంకె చెప్పేది భయపెట్టడానికి కాదు. ఓడ ఎక్కే ముందు ఆ కంపెనీ ఓడల మీద ఇప్పటికే పని చేసిన ఒక మహిళతో మాట్లాడటం ఎంత అవసరమో తెలియాలని.

ఇక్కడ జరిగే తప్పు: "ఏదైనా సరే" అని దరఖాస్తు పెట్టడం. అలా పెడితే ఫ్రంట్ ఆఫీసో, రిసెప్షనో, డేటా ఎంట్రీయో ఇస్తారు. దరఖాస్తులోనే "డిస్పాచ్" అనో "గోడౌన్ ఆపరేషన్స్" అనో పేరు పెట్టి అడగండి.

2. ఇంటర్వ్యూకు ముందే మూడు లెక్కలు నేర్చుకోండి

మొదటిది, విమాన సరుకు బరువు లెక్క. విమానంలో అసలు బరువు, పరిమాణపు బరువు రెండూ చూసి, ఎక్కువ ఉన్నదానికి డబ్బు కట్టించుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. 60 × 50 × 40 పెట్టె తీసుకోండి. 1,20,000ను 6,000తో భాగిస్తే 20. తక్కెడ మీద పెట్టె 12 కిలోలే ఉన్నా, కట్టేది 20 కిలోలకు. అదే సరుకు 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో పడితే లెక్క 15 కిలోలకు దిగుతుంది. 40 పెట్టెల మీద 200 కిలోల ఛార్జీ మిగిలినట్టే. ఈ ఒక్క లెక్క ఇంటర్వ్యూలో కాగితం మీద వేసి చూపించి ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి నాకు తెలుసు. జాగ్రత్త: కొరియర్ కంపెనీల్లో చాలామంది 5,000తో భాగిస్తారు. అప్పుడు మొదటి పెట్టె 24 కిలోలు అవుతుంది. ఏ అంకెతో భాగిస్తున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండోది, ఓడలో కంటైనరు మొత్తం నిండని విడి సరుకు లెక్క. ఎన్ని ఘనపు మీటర్లు, ఎన్ని టన్నులు అని చూసి, రెండింట్లో ఏ అంకె ఎక్కువైతే దానికి ఛార్జీ. దూది లాంటి సరుకుకు పరిమాణం, ఇనుము లాంటి సరుకుకు బరువు.

మూడోది, ఖాళీ ప్రయాణం లెక్క. బండి 300 కిలోమీటర్లు లోడుతో వెళ్లి 300 ఖాళీగా వస్తే సగం దూరపు డీజిలు గాలికి పోయినట్టు. తిరుగు దారిలో 240 కిలోమీటర్లకు లోడు దొరికితే ఖాళీ ప్రయాణం 600లో 60 మాత్రమే. అంటే 10 శాతం. రవాణా కంపెనీ యజమానికి నిద్ర పట్టించేదీ, పట్టనివ్వనిదీ ఈ అంకే.

దిగుమతి, ఎగుమతి వైపు వెళ్లేవాళ్లు ఇన్‌కోటర్మ్స్ కూడా చదవాలి. 2020 కూర్పులో 11 నియమాలు ఉన్నాయి. సరుకు ఖర్చు, నష్టం బాధ్యత అమ్మినవాడి నుంచి కొన్నవాడికి ఎక్కడ మారుతుందో అవి చెబుతాయి. వీటిలో నాలుగు ఓడ ప్రయాణానికి మాత్రమే. కంటైనరు సరుకుకు అలవాటుగా ఎఫ్ఓబీ (సరుకు ఓడ ఎక్కాక బాధ్యత మారే నియమం) రాసేస్తారు. కంటైనరు ఓడ ఎక్కడానికి చాలా ముందే టెర్మినల్‌లో అప్పగిస్తారు కాబట్టి అక్కడ ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత మారే నియమం) సరైనది. సీనియర్లు కూడా చేసే పొరపాటు ఇది. మీకు తెలిస్తే మొదటి నెలలోనే పేరు వస్తుంది.

3. కోర్సుల మీద డబ్బు తొందరపడి పెట్టకండి

ఒక ఏడాది పని చేశాకే కోర్సు. ముందే చేస్తే పాఠంలో మాటలుంటాయి, కళ్లముందు బొమ్మ ఉండదు. ఫ్రైట్ ఫార్వర్డింగ్ వైపైతే ఫియాటా (ఫ్రైట్ ఫార్వర్డర్ల అంతర్జాతీయ సమాఖ్య) డిప్లొమా, సప్లై చైన్ ప్లానింగ్ వైపైతే ఏఎస్‌సీఎం అనే సంఘం ఇచ్చే సీఎస్‌సీపీ, సీఎల్‌టీడీ సర్టిఫికెట్లు, రవాణా నిర్వహణ వైపైతే 1919 నుంచి ఉన్న వృత్తి సంస్థ సీఐఎల్‌టీ కోర్సులు చాలా దేశాల్లో చెల్లుతాయి. సీఐఎల్‌టీలో మహిళల విభాగం విలాట్ 2013లో మొదలైంది. షిప్పింగు వైపు మహిళల సంఘం విస్టా 1974 నుంచి ఉంది. కోర్సు కన్నా ముందు ఈ సంఘాల సమావేశానికి ఒకసారి వెళ్లి రండి. మీరు చేరాలనుకున్న చోట పని చేసిన మనిషి అక్కడ దొరకవచ్చు.

డబ్బు తక్కువుంటే ప్రమాదకర సరుకు మీద చిన్న శిక్షణ తీసుకోండి. పేలేవి, మండేవి, విషపూరితమైనవి ఇలా తొమ్మిది తరగతులుగా విభజించిన సరుకు అది. దాని కాగితాలు తప్పు లేకుండా చేయగలిగినవాళ్లు ఏ ఆఫీసులోనైనా తక్కువే.

4. చేరకముందు ఆ చోటును మీరు ఇంటర్వ్యూ చేయండి

ఇంటర్వ్యూ అయ్యాక "ఒకసారి గోడౌన్ చూడొచ్చా?" అని అడగండి. చూపించనంటే అక్కడే ఆలోచించండి. చూపిస్తే కళ్లు వీటి మీద పెట్టండి:

- ఆడవాళ్ల టాయిలెట్ డాక్‌కు ఎంత దూరం? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? తాళం సెక్యూరిటీ దగ్గర ఉందంటే అడిగిన ప్రతిసారీ ఒకరికి చెప్పి వెళ్లాలన్నమాట. రాత్రి షిఫ్టులో ఎవరూ అలా వెళ్లలేరు. నీళ్లు తాగడం మానేస్తారు. అలా మానేసి ఆస్పత్రి పాలైన సహోద్యోగులను చూశాను.
- యార్డులో, పార్కింగులో, గేటు నుంచి బస్సు ఆగే చోటు దాకా లైట్లున్నాయా?
- మనుషులు నడిచే దారి, ఫోర్క్‌లిఫ్ట్ దారి వేరువేరుగా గీతలు గీసి ఉన్నాయా?
- రాత్రి షిఫ్టుకు రవాణా ఇస్తారా? మాటగా ఇస్తారా, ఆఫర్ లెటర్‌లో రాస్తారా?
- షాప్ ఫ్లోర్ మీద, అంటే సరుకు పని జరిగే చోట, ఇంకెవరైనా మహిళలున్నారా? ఉంటే ఎన్నేళ్లుగా ఉన్నారు? అందరూ ఏడాది లోపు వాళ్లే అయితే పాతవాళ్లు ఎందుకు వెళ్లారో కనుక్కోండి.

మీరే మొదటి మహిళ అయితే చేరకూడదని అర్థం కాదు. అయితే పైన చెప్పినవాటిని ముందే రాతపూర్వకంగా అడగాలి. చేరిన తర్వాత అడిగితే "ఈమెకు ప్రత్యేక సౌకర్యాలు కావాలట" అన్న మాట వస్తుంది. ముందు అడిగితే అది ఉద్యోగ షరతు.

5. మొదటి ఏడాది డాక్ మీద నిలబడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. మీ పని కంప్యూటరు ముందే అయినా, రోజూ కనీసం ఒక గంట సరుకు ఎక్కే చోట, దిగే చోట ఉండండి. "ఎండలో నీకెందుకమ్మా, లోపల కూర్చో" అని మంచి మనసుతోనే అంటారు. లోపల కూర్చుంటే అయిదేళ్ల తర్వాత మేనేజర్ పోస్టు వచ్చినప్పుడు "ఆమెకు ఫ్లోర్ అనుభవం లేదు" అనేది కూడా వాళ్లే.

అక్కడ ఏం చూడాలి? ఒక కంటైనరు వచ్చిందనుకోండి.

ముందు నంబరు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె చుట్టూ మామూలుగా ఒక గడి ఉంటుంది. అది తనిఖీ అంకె. ముందున్న అక్షరాలు, అంకెల నుంచి లెక్క కట్టి వచ్చేది. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పినా సాఫ్ట్‌వేర్ పట్టుకోవడానికి పెట్టారు. కాగితం చూసి కాకుండా తలుపు చూసి రాసుకోండి.

తర్వాత ఏడు చోట్లు: ముందు గోడ, ఎడమ గోడ, కుడి గోడ, నేల, పైకప్పు, లోపలా బయటా తలుపులు, అడుగు భాగం. లోపల నిలబడి తలుపులు దగ్గరకు వేయించుకుంటే చీకట్లో రంధ్రాలున్న చోట వెలుగు చుక్కల్లా కనిపిస్తుంది. ఆ చుక్క ఉన్న చోట వాన నీరు లోపలికి వస్తుంది. హెచ్చరిక: బయట నమ్మకమైన మనిషి చెయ్యి తలుపు మీద ఉండగానే ఇలా చేయాలి. ఒంటరిగా ఎప్పుడూ వద్దు. పురుగుల కోసం మందు పొగ పట్టించిన కంటైనరైతే గాలి పరీక్ష చేసి అనుమతి ఇచ్చేదాకా లోపల కాలు పెట్టకండి. ఆ వాయువు ప్రాణం తీస్తుంది. తలుపు మీద హెచ్చరిక చీటీ ఉందేమో చూడటం మొదటి పని.

లోడయ్యాక తలుపుకు వేసే సీలు. నంబరు చూడాలి, కాగితంతో సరిపోల్చాలి, గట్టిగా లాగాలి, తిప్పి చూడాలి. కొత్తలో నేను నంబరు చూశాను, లాగలేదు. బోల్టు సరిగ్గా కూర్చోలేదు. దారిలో అది ఊడిపోయి, గమ్యం దగ్గర సీలు లేని కంటైనరుగా ఆపేశారు. సరుకు మొత్తం దింపి లెక్కపెట్టే దాకా నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి సీలు మీద చెయ్యి వేయకుండా గేట్‌పాస్ మీద సంతకం పెట్టలేదు.

ఓడ ఎక్కే కంటైనరైతే తూకం కూడా. 2016 జులై 1 నుంచి సోలాస్ అనే అంతర్జాతీయ ఓడ భద్రతా ఒప్పందం నిబంధన ప్రకారం నిర్ధారించిన బరువు ముందే ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు. అంచనా బరువు రాసి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. మీ సంతకం కింద అది ఒప్పుకోకండి.

"బరువులు ఎత్తలేరు కదా" అన్న మాట ఈ ఏడాదిలోనే వింటారు. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నా చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదు. నడుము తిప్పాల్సి వచ్చినా, చెయ్యి చాచాల్సి వచ్చినా అది ఇంకా తగ్గుతుంది. ఆ సూత్రంలో మగవాళ్లకు వేరే అంకె లేదు. 40 కిలోల పెట్టె చేత్తో ఎత్తిస్తున్నారంటే అక్కడ తప్పు పెట్టెది, పని పద్ధతిది. ప్యాలెట్ జాకు (సరుకు పేర్చిన పలకను ఎత్తి తోసే చేతి బండి) అడగండి. ఆడవాళ్ల కోసం తెచ్చిన ఆ జాకును మర్నాటి నుంచి అందరూ వాడతారు. నా కళ్ల ముందే అలా జరిగింది.

6. మీ అంకెల పుస్తకం మీరే రాయండి

ఈ రంగంలో మంచి పని కనిపించదు. సరుకు సమయానికి చేరితే ఎవరూ ఫోన్ చేయరు. చేరకపోతేనే చేస్తారు. అందుకే రాయాలి. వారానికి ఒకసారి, పది నిమిషాలు చాలు.

రాయాల్సినవి: ఎన్ని ఆర్డర్లు చూశారు, ఎన్ని సమయానికి, పూర్తి సంఖ్యలో చేరాయి, డాక్ దగ్గర బండి సగటున ఎంతసేపు ఆగింది, పాడైన సరుకు ఎంత, ఆలస్యానికి కట్టిన డెమరేజీ ఎంత, మీరు మార్చిన పద్ధతి వల్ల ఏది తగ్గింది.

ఇక్కడ అందరూ చేసే ఒక తప్పు వివరంగా చెప్పాలి. 200 ఆర్డర్లలో 184 సమయానికి చేరాయి, అంటే 92 శాతం. 190 పూర్తి సంఖ్యలో చేరాయి, అంటే 95 శాతం. ఈ రెండింటి సగటు తీసి 93.5 అని చెప్పేస్తారు. తప్పు. కస్టమరుకు కావాల్సింది సమయానికీ, పూర్తిగానూ చేరిన ఆర్డరు. అవి లెక్కపెడితే 178 వచ్చాయనుకోండి. మీ అసలు అంకె 89 శాతం. దీన్నే ఓటిఫ్ అంటారు. ఎక్సెల్‌లో ప్రతి ఆర్డరుకు రెండు గళ్లు పెట్టి, రెండూ "అవును" అయిన వరుసలనే లెక్కపెట్టండి.

ఇంకో జాగ్రత్త. కస్టమర్ల పేర్లు, రేట్లు సొంత పుస్తకంలో రాయకండి. అది కంపెనీ రహస్యం. శాతాలు, నిమిషాలు, సంఖ్యలు చాలు.

పుస్తకం రాసే ఓపిక లేకపోతే వారం చివర మీ మేనేజర్‌కు నాలుగు వరుసల మెయిల్ పంపండి. ఏం జరిగింది, ఏం ఆగింది, ఎందుకు, వచ్చే వారం ఏం చేస్తాం. ఏడాది తిరిగేసరికి 50 మెయిళ్లు ఉంటాయి. మేనేజర్ మారినా అవి ఉంటాయి.

7. ఫ్లోర్ మీద మాట

డ్రైవర్లతో, హమాలీలతో అరిచి పని చేయించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పేరు పెట్టి పిలవండి, వయసులో పెద్దవాళ్లను అన్నా అనో బాబాయ్ అనో పిలిచి "మీరు" అనండి. మాట మాత్రం స్పష్టంగా ఉండాలి. "కాస్త తొందరగా చూడండి" అంటే ఎవరికీ అర్థం కాదు. "అన్నా, నాలుగో డాక్, పదకొండింటికి గేటు దాటాలి, కాగితాలు నా దగ్గరున్నాయి" అంటే పని జరుగుతుంది.

రాత్రంతా బండి నడిపి వచ్చిన డ్రైవర్‌ను నాలుగు గంటలు బయట నిలబెట్టకండి. ఆలస్యమైతే ఎంతసేపో చెప్పండి, కూర్చునే చోటు, నీళ్లు, టాయిలెట్ చూపించండి. ఏ సైటులో ఎవరు ఎలా చూస్తారో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. బండ్లు దొరకని రోజుల్లో మీ ఫోన్ ఎత్తేదీ వాళ్లే.

విశ్రాంతి గంటల విషయంలో రాజీ వద్దు. "ఇంకో రెండు గంటలు నడిపేస్తాను మేడం" అని డ్రైవరే అన్నా సరే. నిబంధన దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లోనైతే నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. మీ చోట ఉన్న నిబంధన అచ్చు వేయించి టేబుల్ దగ్గర అంటించండి. అప్పుడు వాదన మీతో కాదు, ఆ కాగితంతో.

8. వేధింపులు ఎదురైతే

ఓర్చుకోమని నేను చెప్పను. మొదటిసారే తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగా, అక్కడున్నవాళ్ల పేర్లు రాసుకోండి. మెసేజీలు తుడిచేయకండి. ఫిర్యాదు నోటితో చెప్పి ఊరుకోకుండా రాతలో ఇచ్చి, అందినట్టు జవాబు తీసుకోండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం పని చేసే చోటునే కాక ఉద్యోగ ప్రయాణాలను, ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిని, యజమాని ఇచ్చిన బసను, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మీ దేశం దాన్ని ఆమోదించినా లేకపోయినా, కంపెనీ విధానంలో ఈ చోట్లన్నీ ఉన్నాయో లేదో చదివి చూడండి. ట్రిప్పుల మీద ఉండే డ్రైవర్లకు, ఓడ మీద ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లకు ఇల్లూ ఆఫీసూ ఒకటే.

ప్రత్యామ్నాయం: కంపెనీ లోపల నమ్మకం లేకపోతే యూనియన్, కార్మిక శాఖ, న్యాయ సహాయం. షిఫ్టు మార్పించుకోవడం పరిష్కారం కాదు. వేధించిన మనిషిని కదిలించాలి. మీరు కదిలితే మీ అనుభవం పోతుంది.

9. పైకి వెళ్లే అడుగు

మూడో ఏడాది దగ్గర ఒక చీలిక వస్తుంది. ఒక పక్క రిపోర్టులు, సమన్వయం, శిక్షణ. ఇంకో పక్క ఒక సైటు, ఒక రూటు, ఒక ఫ్లీటు, దాని ఖర్చు మీ చేతిలో. ఆడవాళ్లను మొదటి దానికి పిలుస్తారు, "మీరు చక్కగా రాస్తారు" అని. రెండోది అడగండి. ఖర్చు బాధ్యత చేతిలో లేనివాళ్లు హెడ్ అయ్యే దారి చాలా సన్నం.

అడిగే పద్ధతి: అంకెల పుస్తకంలోంచి మూడు వరుసలు తీయండి. "డాక్ దగ్గర బండి ఆగే సమయం 140 నిమిషాల నుంచి 95కి తెచ్చాను. ఓటిఫ్ 89 నుంచి 95కి వచ్చింది. ఫలానా రూటు ఏడాది పాటు నాకు ఇవ్వండి. ఆరు నెలలకు ఈ అంకె చూపిస్తాను." కష్టపడ్డానని, ఎన్నేళ్లుగా ఉన్నానని చెప్పాల్సిన అవసరం అప్పుడు రాదు. జీతం మాట కూడా అదే సమావేశంలో ఎత్తండి. బాధ్యత ముందు, జీతం తర్వాత అంటే ఆ తర్వాత అనేది ఏడాది దాటుతుంది.

కాదంటే ఏం లోపించిందో రాతలో అడగండి. రెండుసార్లు కాదని, కారణం రెండుసార్లూ వేరుగా చెప్పారంటే వేరే కంపెనీ చూసుకునే సమయం వచ్చినట్టే.

మధ్యలో విరామం తీసుకున్నవాళ్లకు ఒక మాట. ప్రసవం, ఇంట్లో జబ్బు, ఏ కారణమైనా సరే, రెండేళ్లు దూరంగా ఉంటే సాఫ్ట్‌వేర్ మారి ఉంటుంది గానీ సరుకు కదిలే తీరు మారదు. తిరిగి వచ్చేటప్పుడు కింది పోస్టు ఒప్పుకోకండి. మూడు నెలల కాంట్రాక్టు మీదైనా సరే, వదిలిన స్థాయిలోనే అడగండి. పండగ సీజన్లలో, సంవత్సరాంతపు స్టాకు లెక్క సమయంలో అనుభవం ఉన్న సూపర్‌వైజర్లు తక్కువ పడతారు. తలుపు తట్టాల్సింది అప్పుడే.

సరైన దారిలో ఉన్నారో లేదో చూసుకోవడం

మూడు నెలలకు: ఒక లోడు ఆర్డరు వచ్చినప్పటి నుంచి డెలివరీ సంతకం అయ్యేదాకా ఏ ఏ కాగితాలు ఎవరి చేతులు మారతాయో చూడకుండా గీయగలగాలి. ఎక్కడ ఆగిపోతారో రేపు ఆ చోటికి వెళ్లి నిలబడండి.

ఏడాదికి: మీ సైటులో లోడు ఆలస్యం కావడానికి మొదటి మూడు కారణాలు అంకెలతో సహా చెప్పగలగాలి. "ట్రాఫిక్" అన్నది మీ జవాబులో మొదట వస్తే ఇంకా డాక్ దగ్గర తగినంత సేపు నిలబడలేదన్నమాట.

మూడేళ్లకు: ఏదో ఒక ఖర్చు మీద మీ పేరు ఉండాలి. చిన్నదైనా ఫరవాలేదు. రెండు బండ్లైనా, ఒక రూటైనా, ప్యాకింగ్ సామాను కొనుగోలైనా. ఇంకో పరీక్ష కూడా ఉంది. రాత్రి పదింటికి దారిలో బండి ఆగిపోతే డ్రైవరు మొదట ఎవరికి ఫోన్ చేస్తాడో గమనించండి. ఫోన్ మీకు వచ్చి, మీరు నిర్ణయం చెప్పి, పొద్దున ఆఫీసులో ఎవరూ ఆ నిర్ణయాన్ని తిరగదోడకపోతే, మీ సంతకం చెల్లుతోందని అర్థం. ఫోన్ మీకే వస్తున్నా నిర్ణయం ఇంకొకరిని అడిగి చెప్పాల్సి వస్తుంటే, తొమ్మిదో మెట్టులోని మూడు వరుసలు ఈ వారమే రాసి తీసుకెళ్లండి.